భూమిలో దాగిన లోహాన్ని పట్టే ఇండక్షన్ సెన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెటల్ డిటెక్టర్ చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంత లోతు పోతుంది?" రెండోది "బంగారమైతే చెబుతుందా?" ఈ రెండింటికీ ఠక్కున ఒక అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. లోహంలో తన వల్ల పుట్టిన కరెంటు ఎంత గట్టిగా తిరిగింది, ఎంతసేపు తిరిగింది అన్నదే యంత్రానికి తెలిసేది. ఈ సంగతి మనసుకెక్కితే కింది జవాబుల్లో సగం మీరే ఊహించేస్తారు.

ఈ సెన్సర్‌లో అసలు ఏం జరుగుతుంది?

కర్ర చివర పళ్లెంలా కనిపించే దాంట్లో రాగి తీగ చుట్ట ఉంటుంది. దాన్నే కాయిల్ అంటాం. అందులో మారుతూ ఉండే కరెంటు పంపితే చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం మట్టిలోకి దిగి లోహపు ముక్కను తాకితే, ఆ ముక్కలో కరెంటు సుడులు తిరుగుతుంది. వీటిని ఎడ్డీ కరెంట్లు అంటారు. ఆ సుడులకూ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది పైకి వచ్చి, వినే కాయిల్‌లో చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. కిందికి పోయేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు ఒకసారి జరుగుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే మూరెడు రాగి గొట్టం, అందులో వదులుగా పట్టే నియోడిమియం అయస్కాంతం ఉంటే చాలు. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని అయస్కాంతాన్ని పైనుంచి వదలండి. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, అయినా అది గబుక్కున పడిపోదు. తేనెలో దిగుతున్నట్టు నిదానంగా జారుతుంది. పైనుంచి తొంగి చూస్తే గొట్టం మధ్యలో తేలుతూ పోతున్నట్టే ఉంటుంది. రాగి గోడల్లో పుట్టిన ఎడ్డీ కరెంట్లు దాన్ని అడ్డుకుంటున్నాయన్నమాట. మట్టిలో ఉన్న నాణెంలో పుట్టేవి కూడా అవే.

ఇనుమును మాత్రమే పడుతుందా?

లేదు. కరెంటు పారే లోహం ఏదైనా పడుతుంది: రాగి, ఇత్తడి, అల్యూమినియం, సీసం, వెండి, బంగారం. ఇనుములో ఎడ్డీ కరెంట్లతో పాటు ఇంకో పని కూడా జరుగుతుంది. అది తానే అయస్కాంతంగా మారి క్షేత్రాన్ని తనవైపు లాక్కుంటుంది. ఈ రెండో గుణం వల్లే ఇనుప మేకును, రాగి నాణేన్ని యంత్రం చాలావరకు విడదీయగలుగుతుంది. రాయి, ఎముక, ప్లాస్టిక్, కాగితం నోట్లు, రత్నాలు దీనికి తెలియవు.

వీఎల్‌ఎఫ్ అంటారు, పల్స్ ఇండక్షన్ అంటారు. తేడా ఏమిటి?

వీఎల్‌ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం ఆగకుండా ఒకే లయలో కరెంటు పంపుతూనే ఉంటుంది. మామూలుగా 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది, సన్నని బంగారం కోసం చేసినవి ఇంకా పైకి వెళ్తాయి. పంపే కాయిల్ ఒకటి, వినే కాయిల్ ఒకటి. పంపేదాని హోరు వినేదానికి సోకకుండా రెండింటినీ కొలిచి అమరుస్తారు. ఆ నిశ్శబ్దంలోకి లోహం నుంచి చిన్న తిరుగు సిగ్నల్ వస్తే, అది పంపిన లయకు ఎంత వెనకబడి వచ్చిందో యంత్రం చూస్తుంది. డిస్‌ప్లే మీద కనిపించే టార్గెట్ నంబరు దాదాపుగా ఆ వెనకబాటు కొలతే.

పల్స్ ఇండక్షన్ దారి వేరు. కాయిల్‌లోకి ఒక్క పోటు కరెంటు పంపి టక్కున ఆపేస్తుంది. సెకనుకు వందల సార్లు, కొన్ని యంత్రాల్లో వేల సార్లు ఇలా చేస్తుంది. ఆపిన క్షణం నుంచి వినడమే దాని పని. గంట కొట్టి చేయి తీసేశాక మోత ఎంతసేపు మిగిలిందో వినడం లాంటిది. సన్నని రేకులో మోత కొన్ని మైక్రోసెకన్లలో చచ్చిపోతుంది, దిట్టమైన రాగి ముద్దలో చాలాసేపు నిలుస్తుంది.

ఎంతసేపో లెక్క కట్టొచ్చు. గుండ్రని ముద్దకైతే ఆ కాలం వాహకతను (లోహంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్న దాన్ని) బట్టి, వ్యాసార్ధం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రాగి గుండుకు ఇది దాదాపు 4.6 మిల్లీసెకన్లు. 4 మిల్లీమీటర్ల శుద్ధ బంగారు పూసకు 20 మైక్రోసెకన్ల చిల్లర. రెండింటికీ 200 రెట్లకు పైగా తేడా. చాలా పల్స్ యంత్రాలు కరెంటు ఆపాక 10 నుంచి 20 మైక్రోసెకన్ల తర్వాతే వినడం మొదలుపెడతాయి, ఎందుకంటే అప్పటిదాకా కాయిల్ సొంత మోతే వాటి చెవిలో గింగురుమంటుంది. ఆవగింజంత బంగారం వాటికి ఎందుకు దొరకదో ఇప్పుడు అర్థమైందా? అవి వినడం మొదలుపెట్టేసరికే దాని పాట అయిపోయింది.

సరే, ఎంత లోతు పోతుంది?

కాయిల్ నుంచి దూరం వెళ్లేకొద్దీ క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. లోహం నుంచి వచ్చే తిరుగు సిగ్నల్ కూడా పైకి వస్తూ అలాగే పడిపోతుంది. రెండూ కలిస్తే దూరం ఆరో ఘాతం. అంటే చిన్న వస్తువు కాయిల్‌కు రెట్టింపు దూరం జరిగితే సిగ్నల్ సగానికి కాదు, 64వ వంతుకు పడిపోతుంది. కాయిల్‌కు మరీ దగ్గరలో ఈ లెక్క ఇంత కఠినంగా ఉండదు. కాయిల్ వెడల్పును మించిన దూరంలో మాత్రం కచ్చితంగా చుక్కలు చూపిస్తుంది.

దీన్ని తిరగేసి చూడండి. కాయిల్‌లో కరెంటును రెట్టింపు చేశాం అనుకుందాం, బ్యాటరీ ఎంత తింటే అంత తిననీ. లోతు పెరిగేది 12 శాతమే. వస్తువు వ్యాసం రెట్టింపయితే సిగ్నల్ సుమారు 8 రెట్లవుతుంది, లోతు మాత్రం 40 శాతం పెరుగుతుంది. "రెట్టింపు పవర్, రెట్టింపు లోతు" అని అమ్మేవాళ్లు ఈ లెక్క చేయలేదు, లేదా మీరు చేయరని అనుకున్నారు.

చేతి అంచనాకు ఒక కొలత ఉంది: నాణెం సైజు వస్తువు సుమారు కాయిల్ వ్యాసమంత లోతులో దొరుకుతుంది. 25 సెంటీమీటర్ల కాయిల్‌కు పాతిక సెంటీమీటర్లు, అదీ మట్టి మంచిదైతే. పెద్ద కాయిల్ వేస్తే పెద్ద వస్తువులు ఇంకొంచెం లోతులో అందుతాయి గానీ చిన్నవి జారిపోతాయి, పైగా పక్కపక్కన ఉన్న రెండు ముక్కలు ఒకటిగా వినిపిస్తాయి. గాలిలో నాణెం ఊపి కొలిచిన దూరాన్ని మట్టిలో ఆశించవద్దు.

బంగారమా ఇనుమా చెప్పగలదా?

అందరూ ఎదురుచూసే ప్రశ్న ఇది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఇందాక చెప్పిన మోత కాలంలో వాహకత, సైజు రెండూ కలిసిపోయి ఉన్నాయి. యంత్రానికి దొరికేది ఆ రెండింటి లబ్ధం. నాలుగో వంతు వాహకత ఉన్న లోహం రెట్టింపు సైజులో ఉంటే దాని మోత, మొదటిదాని మోత ఒకేలా ఉంటాయి. కాబట్టి "ఇది ఫలానా లోహం" అని యంత్రం తేల్చి చెప్పలేదు. "ఇలా మోగే వస్తువు" అని మాత్రమే చెప్పగలదు.

బంగారంతో చిక్కు ఇక్కడే. ఆభరణాలు చిన్నవి, పైగా మిశ్రమ లోహం కావడంతో వాహకత బాగా తగ్గుతుంది. ఫలితంగా సన్నని ఉంగరం నంబరు, డబ్బా మూతను పట్టి లాగడానికి ఉండే అల్యూమినియం రింగు నంబరు పక్కపక్కనే వస్తాయి, చాలాసార్లు ఒకటే వస్తుంది. చాక్లెట్ చుట్టే రేకు కూడా అదే ఇంట్లో కాపురం. అల్యూమినియాన్ని విననట్టు యంత్రాన్ని సెట్ చేస్తే ఉంగరం కూడా పోయినట్టే. ఉంగరం వెతుకుతున్నవాళ్లు రేకులన్నీ తవ్వాల్సిందే, దగ్గరి దారి లేదు. ఇసుకలో ఒకరి ఉంగరం వెతికి పెట్టినప్పుడు అది చేతికొచ్చేలోపు నా సంచిలో పదిహేడు డబ్బా రింగులు పోగయ్యాయి. వాటిలో రెండు ఉంగరం చూపించిన నంబరే చూపించాయి.

ఇనుమును వేరుచేయడం కొంత తేలిక అన్నాను కదా, దానికీ మినహాయింపులున్నాయి. చదునుగా, గుండ్రంగా ఉన్న ఇనుప వస్తువు, అంటే వాషరు, సీసా మూత లాంటిది, మంచి లోహంలా నటిస్తుంది. నటిస్తోందని అనుమానం వస్తే 90 డిగ్రీలు పక్కకు జరిగి మళ్లీ ఊపండి. నాణెం అటునుంచీ ఇటునుంచీ ఒకేలా మోగుతుంది. మేకు ఒక దిక్కు నుంచి తీయగా, రెండో దిక్కు నుంచి బొంగురుగా మోగుతుంది. ఈ చిన్న అలవాటు ఎన్నో గుంతలు తవ్వే శ్రమ తప్పిస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి కూడా చెప్పాలి. వాడుకలో ఎక్కువగా ఉండే రకానికి అయస్కాంత గుణం దాదాపు ఉండదు, వాహకత రాగిలో సుమారు నలభయ్యో వంతు. దొడ్డ గిన్నె అయితే పట్టుబడుతుంది గానీ చిన్న పిన్ను చాలా యంత్రాలకు అందదు.

నిండు ముద్దకూ బోలు వస్తువుకూ తేడా తెలుస్తుందా?

మొదట తెలియదు. వేగంగా మారే కరెంటు లోహం పై పొరలోనే తిరుగుతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం 0.66 మిల్లీమీటర్లే. కాబట్టి ఖాళీ రాగి చెంబు, అదే సైజు రాగి గుండు ఆ ఫ్రీక్వెన్సీలో దాదాపు ఒకేలా వినిపిస్తాయి. సమయం గడిచేకొద్దీ సుడులు లోపలికి ఇంకుతాయి, బోలు వస్తువులో త్వరగా ఆరిపోతాయి. అందుకే మోత చివరిదాకా వినే యంత్రాలకు వస్తువు గురించి ఎక్కువ తెలుస్తుంది.

కొన్నిచోట్ల మట్టే కూస్తుంది. ఎందుకు?

మట్టిలో మాగ్నటైట్, మాగ్హెమైట్ లాంటి ఇనుప ఖనిజాలుంటే అవి కూడా క్షేత్రానికి స్పందిస్తాయి. ఎర్రని లాటరైట్ నేలలు, బసాల్ట్ రాయి నలిగిన నల్ల నేలలు ఇందుకు పేరుపడ్డవి. వీటిలో కొన్ని సూక్ష్మ కణాలు అయస్కాంతంగా మారడానికి, మళ్లీ మామూలవడానికి కాస్త సమయం తీసుకుంటాయి. ఆ ఆలస్యం లోహపు మోతలాగే ఉండి పల్స్ యంత్రాలను కూడా తికమక పెడుతుంది. సముద్రపు తడి ఇసుకది ఇంకో గొడవ. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి నేలంతా పల్చని లోహపు రేకులా ప్రవర్తిస్తుంది.

దీనికి విరుగుడు గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేని చోటు చూసుకుని కాయిల్‌ను నేలకు సమాంతరంగా మోకాలి ఎత్తు నుంచి నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా దించండి, మళ్లీ ఎత్తండి. దించేటప్పుడు శబ్దం పెరిగితే గ్రౌండ్ బ్యాలెన్స్ సెట్టింగును ఒకవైపు, తగ్గితే రెండోవైపు సరిదిద్దండి. దించినా ఎత్తినా శబ్దం మారకపోతే మట్టి గొంతు మూతపడినట్టు. పొలంలో కాస్త దూరం నడిచాక మట్టి రంగు మారితే మళ్లీ చేయండి. చాలామంది పొద్దున ఒకసారి చేసి సాయంత్రం దాకా అలాగే నెట్టుకొస్తారు, లోతులో ఉన్న సిగ్నళ్లన్నీ అక్కడే పోతాయి.

ఏమీ లేకుండానే బీప్ బీప్ అంటోంది. పాడైందా?

ముందు మీ బూట్లు చూడండి. బూటు ముందు భాగంలో ఉక్కు ఉంటే ఊపు చివర ప్రతిసారీ మోగుతుంది. తర్వాత జేబులో ఫోను, చేతి కడియం, దగ్గర్లో ఉన్న కరెంటు తీగలు, పక్కనే ఇంకొకరి డిటెక్టర్. ఇవేవీ కావంటే సెన్సిటివిటీ తగ్గించండి. నిండుగా తిప్పి అరిపించే బదులు కాస్త తగ్గించి స్పష్టంగా వినడమే మేలు. కాయిల్ వైరు వదులుగా వేలాడినా ఇలాగే అవుతుంది.

ఇదంతా ఎప్పటి నుంచి ఉంది?

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. అప్పుడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ ముందుకొచ్చి, ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరాన్ని సిద్ధం చేశాడు. రెండు కాయిళ్లు, బ్యాటరీ, చెవికి టెలిఫోను రిసీవరు. లోహం దగ్గరైతే రిసీవర్లో రొద వినిపించాలి. ప్రయోగాల్లో బాగానే పనిచేసింది. మంచం దగ్గర మాత్రం ఎటు పెట్టినా అస్పష్టమైన రొదే వచ్చింది. కారణం పరుపులోని ఉక్కు స్ప్రింగులు. దానికి తోడు, తూటా కుడివైపే ఉందని గట్టిగా నమ్మిన ప్రధాన వైద్యుడు ఎడమవైపు వెతకనివ్వలేదు. గార్ఫీల్డ్ సెప్టెంబరు 19న చనిపోయాడు. తూటా వెన్నెముకకు ఎడమ పక్కన దొరికింది.

నాకు ఆ స్ప్రింగుల సంగతి చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సెన్సర్ సరిగ్గానే చెప్పింది: ఇక్కడ లోహం ఉంది అని. ఏ లోహం అన్నది చుట్టూ ఉన్నవాళ్లు తేల్చుకోవాల్సింది. ఈ రోజు మీరు పొలంలో ఎదుర్కొనే ఇబ్బంది కూడా అదే.

మందుపాతరలను ఎలా పడతారు?

పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కి స్కాట్లండ్‌లో ఉంటూ 1941లో చేతితో పట్టుకుని తిరిగే మైన్ డిటెక్టర్ రూపొందించాడు. పేటెంటు అడగకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో మైన్లు నిండిన ఎడారిలో దారి చేయడానికి అవే వాడారు. అప్పటి మైన్లు ఎక్కువగా ఉక్కువి.

తర్వాత ప్లాస్టిక్ మైన్లు వచ్చాయి. కొన్నింటిలో మొత్తం లోహం ఒక గ్రాము కూడా ఉండదు. ఒక చిన్న స్ప్రింగు, పిన్ను, డిటోనేటరు తొడుగు, అంతే. దాన్ని వినేంత సున్నితంగా యంత్రాన్ని పెడితే యుద్ధం జరిగిన నేలలోని తూటా తొడుగులు, ఇనుప తునకలు, తీగ ముక్కలు అన్నీ మోగుతాయి. ఒక్క మైను కోసం వందల తునకలు తవ్వాలి, అందులో ప్రతి తునకనూ మైనే అనుకుని మోకాళ్ల మీద కూర్చుని, పక్కనుంచి, అంగుళం అంగుళం తవ్వాలి. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. పని భారం తగ్గించడానికి ఇండక్షన్ సెన్సర్‌కు భూమిలోకి రేడియో తరంగాలు పంపే జీపీఆర్‌ను జతచేసిన యంత్రాలు వచ్చాయి. లోహం ఉందని ఒకటి చెబుతుంది, దాని చుట్టూ మైను సైజు ప్లాస్టిక్ డొల్ల ఉందో లేదో రెండోది చూస్తుంది.

పేలని షెల్స్ (ఫిరంగి గుండ్లు) వెతికే చోట ఇంకో మంచి పద్ధతి ఉంది. ఒకే వస్తువు మీదికి మూడు దిక్కుల నుంచి క్షేత్రం పంపి, మూడు అక్షాల వెంట దాని స్పందన విడివిడిగా కొలుస్తారు. షెల్ పొడవుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక అక్షం వెంట స్పందన ఎక్కువ, మిగతా రెండింటి వెంట తక్కువ, ఆ రెండూ సమానం. చిరిగిన ఇనుప తునకకు మూడూ మూడు రకాలుగా ఉంటాయి. తవ్వకుండానే చెత్తను పక్కన పెట్టే దారి ఇది.

భూమిలోని కేబుళ్లు, పైపులు వెతికే యంత్రమూ ఇదేనా?

చుట్టమే గానీ తీరు వేరు. కరెంటు పారుతున్న కేబుల్ చుట్టూ 50 లేదా 60 హెర్ట్జ్ క్షేత్రం ఎలాగూ ఉంటుంది, దాన్ని వింటూ పోవచ్చు. లేదా ట్రాన్స్‌మిటర్ తగిలించి 33 కిలోహెర్ట్జ్ లాంటి సిగ్నల్ ఎక్కించి దాన్ని వెంబడించవచ్చు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ సులువుగా ఎక్కుతుంది గానీ పక్క పైపుల్లోకి దూకేస్తుంది. తక్కువది ఎక్కడం కష్టం, ఎక్కితే చాలా దూరం పోతుంది.

పొడవైన తీగ చుట్టూ క్షేత్రం దూరానికి విలోమంగా మాత్రమే తగ్గుతుంది, ఆరో ఘాతం బెడద లేదు. అందుకే మీటర్ల లోతులోని కేబుల్ దొరుకుతుంది, అరమీటరు లోతులోని నాణెం దొరకదు. లోతు కొలవడం కూడా సులువు. యంత్రంలో ఒకదానిపై ఒకటి 40 సెంటీమీటర్ల ఎడంతో రెండు యాంటెనాలున్నాయనుకోండి. కింది సిగ్నల్ పైదానికి ఒకటిన్నర రెట్లుంటే, కేబుల్ కింది యాంటెనాకు 80 సెంటీమీటర్ల దిగువన ఉంది. దగ్గర్లో ఇంకో కేబుల్ ఉంటే మాత్రం ఈ అంకె తప్పుతుంది, ఆ నమ్మకంతో గునపం వేయకండి. ప్లాస్టిక్ పైపు అయితే దాని వెంట ముందే తీగ వేసి ఉండాలి.

ఫోన్ యాప్‌తో పని జరుగుతుందా?

ఫోనులో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన మాగ్నెటోమీటరు. అది క్షేత్రాన్ని పంపదు, భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను చూస్తుంది. ఇనుము నాలుగు వేళ్ల దూరంలో ఉంటే తెలుస్తుంది. రాగి, బంగారం తెలియవు.

కిలోమీటరు దూరం నుంచి లంకెబిందెలు చూపించే యంత్రాలు?

లేవు. చేతిలో ఊగే కడ్డీ, "బంగారం ఫ్రీక్వెన్సీ" అనే మాట, బ్యాటరీ కూడా లేని పెట్టె: ఇవి మోసం. ఆరో ఘాతం లెక్క పైనే ఉంది, 100 మీటర్ల దూరంలోని బిందెకు ఒకసారి వేసి చూడండి. ఇది డబ్బు పోయే మోసం మాత్రమే అనుకోవద్దు. ఏడీఈ 651 అనే అలాంటి డొల్ల పెట్టెను బాంబులు పసిగడుతుందని ఇరాక్‌కు అమ్మారు, చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్మారు. అమ్మిన వ్యక్తికి బ్రిటన్ కోర్టు 2013లో 10 ఏళ్ల జైలు శిక్ష వేసింది. దాన్ని నమ్మి వదిలేసిన వాహనాల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలా?

తనిఖీ ద్వారం గుండా మామూలుగా నడిచి వెళ్లొచ్చు, అక్కడ నిలబడిపోకూడదు. చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఎక్కువసేపు ఉంచనివ్వకండి, సిబ్బందికి ముందే చెప్పండి. మీరే డిటెక్టర్ వాడాలనుకుంటే డాక్టరును అడగండి.

పాత వస్తువులు దొరికితే ఏం చేయాలి?

తవ్వడం ఆపండి. స్థలం యజమాని అనుమతి ముందే ఉండాలి, చట్టం ఏం చెబుతుందో తెలిసి ఉండాలి. ఇవి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. వస్తువు ఒక్కటే చాలదు, అది ఏ పొరలో, దేని పక్కన, ఏ తీరులో ఉందన్నదే చరిత్రకారులకు కావాలి. ఆ తీరు ఒకసారి చెదిరితే తిరిగి రాదు.

1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని హాక్సన్ (Hoxne) గ్రామంలో ఒక రైతు తన సుత్తి పోయిందని స్నేహితుణ్ణి డిటెక్టర్‌తో వెతకమన్నాడు. సుత్తి కన్నా ముందు రోమన్ కాలపు నాణేలు, చెంచాలు బయటపడ్డాయి. ఆ స్నేహితుడు కొన్ని తీసి అక్కడితో ఆగిపోయి అధికారులకు కబురు పంపాడు. పురావస్తు నిపుణులు వచ్చి తవ్వితే దాదాపు 15,000 నాణేలు, వెండి బంగారు వస్తువులు, కుళ్లిన చెక్కపెట్టె ఆనవాళ్లు పెట్టిన వరసలోనే దొరికాయి. సుత్తి కూడా దొరికింది, దాన్నీ నిధితో పాటు బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చారు.

తవ్వితే బాంబులాంటిది కనిపించింది. ఇప్పుడు?

ముట్టుకోకండి, మట్టి దులపకండి, డిటెక్టర్‌ను మళ్లీ దాని మీదికి తీసుకెళ్లకండి. తుప్పు పట్టిందని, పాతదని ధీమా పడవద్దు. పాతబడ్డ పేలుడు పదార్థం ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, దూరం నుంచి చోటుకు గుర్తు చూసుకుని, ఎవరినీ అటు రానివ్వకుండా పోలీసులకు ఫోన్ చేయండి.